నాలుగు రోజుల సైకిల్ యాత్రకు మొదటిసారి వస్తున్నారా?

వచ్చే జనవరిలో సంఘ యౌవనస్థులతో కలిసి రాజమండ్రి నుండి నర్సాపురం మీదుగా తణుకు వరకు నాలుగు రోజుల సైకిల్ యాత్ర చేయాలనుకుంటున్నామని ఆరాధనలో ప్రకటించిన నాటి నుండి ఒ.పి.లో మాకు ప్రశ్నలు ఎక్కువయ్యాయి. "చిన్నప్పుడు రోజూ హైస్కూలుకు సైకిలు మీదే వెళ్ళేవాణ్ణి, ఇప్పుడు తొక్కలేనా?" అని ఒకరు. "షుగరుకు మాత్రలు వాడుతున్నాను, నేనూ రావచ్చా డాక్టరు గారూ?" అని మరొకరు. చాలామంది రావచ్చు. అయితే సిద్ధపాటు యాత్రకు ముందురోజు కాదు, ఈ వారమే మొదలుపెట్టాలి.

మేము ఈ దారిని ఎన్నుకున్నది కొత్తవారిని దృష్టిలో పెట్టుకునే. డెల్టాలో ఎత్తుపల్లాలు లేవు. ధవళేశ్వరం బ్యారేజి దాటి, బొబ్బర్లంక, ఆత్రేయపురం మీదుగా మొదటి రోజు రావులపాలెం చేరతాము. రెండవ రోజు సిద్ధాంతం వంతెన దాటి పెనుగొండ, పాలకొల్లు మీదుగా నర్సాపురం. 1836లో ఇంగ్లండు నుండి వచ్చిన బౌడెన్, బీర్ మిషనరీలు సేవ చేసిన ఊరు అది. మూడవ రోజు భీమవరం, నాల్గవ రోజు తణుకు. రోజుకు సుమారు 30 నుండి 45 కిలోమీటర్లు. ఒక్కరోజుకైతే ఇది పెద్ద దూరం కాదు. కష్టమంతా రెండవ రోజు ఉదయం నొప్పులతో లేచి, మళ్ళీ అదే సీటు మీద కూర్చోవడంలో ఉంది. కాబట్టి ఒకేసారి ఎక్కువ దూరం తొక్కడం కంటే, వరుసగా రెండు రోజులు తొక్కడం సాధన చేయాలి.

మొదటి వారం 8 లేక 10 కిలోమీటర్ల చొప్పున మూడు రోజులు తొక్కండి. ఆ తరువాత వారానికి కొద్దికొద్దిగా, పదింట ఒక వంతు చొప్పున పెంచండి. ఐదవ వారం నుండి శుక్రవారం సాయంత్రం, శనివారం ఉదయం వరుసగా తొక్కడం అలవాటు చేసుకోండి. ఆదివారం ఎలాగూ విశ్రాంతి. యాత్రకు రెండు వారాల ముందు ఒక్కసారైనా 35 కిలోమీటర్లు పూర్తి చేసినవారికి భయం ఉండదు. చివరి వారం తగ్గించి తొక్కాలి. కుర్రవాళ్ళు ఆ వారంలోనే పందాలు పెట్టుకొని మోకాళ్ళు పట్టేసుకుంటారు.

సైకిలు, సీటు, చేతులు

గేర్ల సైకిలే ఉండాలని లేదు. ఇంట్లో ఉన్న హీరో, హెర్క్యులిస్, అట్లాస్ ఏదైనా సరే. (అట్లాస్ వారి సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆగిపోయింది 2020 జూన్ 3న, అంటే ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే. అయినా ఆ సైకిళ్ళు మన ఊళ్ళలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.) బ్రేకు కట్టెలు, చైను, టైర్లు మాత్రం మెకానిక్కు చూపించి తీరాలి. వెనుక ఎర్రని రిఫ్లెక్టరు తప్పనిసరి.

మా దగ్గరకు మోకాలి నొప్పితో వచ్చే సైకిలు వారిలో చాలామందికి సీటు పల్లంగా ఉంటుంది. కాళ్ళు నేలకు ఆనాలని అలా పెట్టించుకుంటారు. సీటు మీద కూర్చొని మడమను కిందికి వచ్చిన పెడల్ మీద పెట్టినప్పుడు కాలు దాదాపు తిన్నగా ఉండాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొంచెం వంగి ఉంటుంది, అదే సరైన ఎత్తు. మోకాలి ముందు వైపు నొప్పి వస్తే సీటు పల్లం, వెనుక వైపు వస్తే ఎత్తు ఎక్కువ అని సాధారణంగా అనుకోవచ్చు. గంటల తరబడి హ్యాండిల్ మీద బరువు ఆనిస్తే చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. అరచేతిలో నరం నొక్కుకోవడమే కారణం. పది నిమిషాలకొకసారి పట్టు మార్చండి.

సీటు దగ్గర ఒరిపిడి గురించి చెప్పుకోవడానికి అందరూ సిగ్గుపడతారు. యాత్ర మధ్యలో మానేసేవారిని చూస్తే చాలాసార్లు కారణం ఇదే. లోదుస్తుల కుట్లు రాసుకునే చోట ముందుగానే వాజలైన్ రాయండి. మజిలీ చేరగానే కడుక్కొని, పూర్తిగా ఆరనిచ్చి, పొడి బట్టలు కట్టుకోండి. మరునాడు అవే చెమట బట్టలు వేసుకోవద్దు. అక్కచెల్లెళ్ళకు ఒక మాట: చున్నీ వద్దు, లేదా నడుముకు గట్టిగా కట్టుకోండి. చక్రంలో చున్నీ చుట్టుకుంటే మెడకు ఉరి బిగిసే ప్రమాదం ఉంది.

నీరు, ఆహారం

దాహం వేసినప్పుడల్లా కొద్దికొద్దిగా తాగండి. ఎండలో గంటకు సుమారు అర లీటరు సరిపోతుంది. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే నీరు చాలలేదని గుర్తు. అలాగని బలవంతంగా లీటర్లు లీటర్లు తాగడం కూడా మంచిది కాదు, రక్తంలో సోడియం పడిపోతుంది. ఉప్పు వేసిన మజ్జిగ, కొబ్బరినీళ్ళు, అరటిపండు మనకు దారి పొడవునా దొరుకుతాయి. గుండె బలహీనత, కిడ్నీ జబ్బు వలన నీరు తగ్గించి తాగమని డాక్టరు చెప్పినవారు ఈ లెక్కలు పాటించకూడదు. ఉదయం ఇడ్లీ, ఉప్మా మేలు. పూరీలు, బిర్యానీ మజిలీ చేరాక చూసుకోవచ్చు.

షుగరు ఉన్నవారికి

ఇక్కడ కొంచెం ఆగి చదవండి. ఎవరికైనా చదువు రాకపోతే ఇంట్లో పిల్లలు చదివి వినిపించండి.

సైకిలు తొక్కేటప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరను వేగంగా వాడుకుంటాయి. ఇన్సులిన్, గ్లైమిపెరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటివి వాడేవారికి ఆ సమయంలో షుగరు 70 కంటే కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, ఆకలి, కళ్ళు మసకబారడం, తికమక మాటలు దాని గుర్తులు. కాలువ గట్టు మీద తొక్కుతుండగా ఇలా అయితే మనిషి ఎక్కడ పడతాడో ఆలోచించండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం చాలా తక్కువ.

బయలుదేరే ముందు గ్లూకోమీటరుతో చూసుకోవాలి. ఇన్సులిన్ లేదా పై మాత్రలు వాడేవారికి 90 కంటే తక్కువ ఉంటే ఏదైనా తిని, పెరిగాకనే ఎక్కాలి. 250 దాటి ఒంట్లో నలతగా కూడా ఉంటే ఆ రోజు వ్యానులో రావాలి. జేబులో గ్లూకోజ్ పొడి ఉండాలి, సంచిలో అడుగున కాదు. షుగరు పడిపోతే మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి తాగి, పదిహేను నిమిషాలు కూర్చొని మళ్ళీ పరీక్ష చేయాలి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయవద్దు, 108కి ఫోను చేయండి. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఎక్కువ శ్రమ చేసిన రోజు రాత్రి నిద్రలో కూడా షుగరు పడిపోవచ్చు. అందుకే షుగరు ఉన్నవారిని మజిలీలో ఒంటరిగా పడుకోనివ్వము.

ఆ రోజు ఇన్సులిన్ తొడకు వేసుకుంటే తొక్కుడుకు త్వరగా ఒంటబడుతుంది. పొట్టకు వేసుకోవడం మంచిది. మోతాదు ఎంత తగ్గించాలో మాత్రం మీ అంతట మీరు నిర్ణయించవద్దు. బి.పి.కి అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారికి వణుకు, గుండెదడ తెలియకుండా పోతాయి. వీరు మరింత జాగ్రత్తగా ఉండాలి. పాదాలు మొద్దుబారినవారు చెప్పులతో తొక్కవద్దు, బూట్లు వేసుకొని, ప్రతి సాయంత్రం అరికాళ్ళు చూసుకోవాలి. ఆత్రేయపురం పూతరేకుల సంగతి మీ ఇష్టానికే వదిలేస్తున్నాము!

నడుస్తుంటేనే ఛాతీలో బరువు, ఆయాసం వచ్చేవారు, గుండెకు స్టెంటు వేయించుకున్నవారు, షుగరు వలన కంటిలో రక్తనాళాలు దెబ్బతిన్నవారు మా సమ్మతి లేకుండా పేరు ఇవ్వవద్దు. పోయినసారి యాత్రకు నలభై ఏడేళ్ళ సంఘ సభ్యుడొకాయన ఉత్సాహంగా వచ్చారు. మెట్లు ఎక్కితే దవడ లాగుతోందని మాటల్లో అన్నారు. ఆయనను ఆపి పరీక్షలకు పంపాము. ఆ రోజు ఆయనకు మామీద కోపం వచ్చింది, ఆ కోపం మాకు సమ్మతమే.

దారిలో

ఒకే వరుసలో, ముందు సైకిలుకు రెండు సైకిళ్ళ దూరం ఉంచి నడపాలి. మీ ముందు చక్రం ఎదుటివారి వెనుక చక్రానికి తగిలితే పడేది మీరే. ముందున్నవారు "గుంట", "లారీ" అని కేక వేస్తే అది వెనుకవారి దాకా చేరాలి. చివరన అనుభవమున్న ఒకరు పంపు, ట్యూబులు, మందుల పెట్టెతో వస్తారు, ఆయనకు వెనుక ఎవరూ ఉండకూడదు. భీమవరం దారిలో చేపల లారీల నుండి కారిన నీటికి రోడ్డు జారుతుంది. కోతల కాలంలో రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు, దాని మీదుగా బ్రేకు వేయవద్దు. రైలు గేటు పట్టాలు అడ్డంగా, తిన్నగా దాటాలి. జనవరి ఉదయాల్లో మంచు ఉంటే తెల్లవారి దారి కనబడే వరకు కదలము, ఎంత ఆలస్యమైనా సరే. హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ళ పైన ఉండేలా, పట్టీ బిగించి పెట్టుకోవాలి. ధనుర్వాతం టీకా పదేళ్ళలోపు వేయించుకోనివారు ముందుగా వేయించుకోండి.

పేరు ఇచ్చేవారు ముందుగా ఒ.పి.లో బి.పి., షుగరు చూపించుకోవాలి. నలభై దాటినవారికి ఇ.సి.జి. కూడా తీస్తాము. వచ్చేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మాత్రల పట్టీలు అన్నీ వెంట తెచ్చుకోండి. "తెల్లమాత్ర, ఎర్రమాత్ర" అంటే మాకు తెలియదు.