గ్రామీణ ఆటల విజ్ఞానకోశ రచన

పులిజూదం, అష్టాచెమ్మా, వామనగుంటలు వంటి గ్రామీణ ఆటల గురించి తెలుగు వికీపీడియా వంటి స్వచ్ఛంద విజ్ఞానకోశాలలో వ్రాయటం సులభంగా కనిపించినా చిక్కుతో కూడిన పని. ఆట తెలిసినవారు ఊరూరా ఉన్నారు. కాని వారికి తెలిసినది చాలావరకు అచ్చుకెక్కలేదు. విజ్ఞానకోశమేమో అచ్చయిన ఆధారాన్ని అడుగుతుంది.

పుస్తకమున్న ఆట

అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించగా 1974లో వెలువడిన "డంజన్స్ అండ్ డ్రాగన్స్" ఇందుకు భిన్నమైన ఉదాహరణ. ఇందులో బల్ల చుట్టూ కూర్చున్నవారు తలా ఒక పాత్ర వహించి, పాచికలు వేస్తూ కథ నడుపుతారు. దీని నియమాలు మొదటినుండి పుస్తకరూపంలోనే ఉన్నవి. అభిమానులు నడిపే విజ్ఞానకోశాలలో ఒక కల్పిత రాక్షసుని గురించి వ్రాసినా, అది ఏ కూర్పులో ఏ పుటలో ఉన్నదో చూపవచ్చును.

పుస్తకం లేని ఆట

పులిజూదానికి అటువంటి వసతి తక్కువ. బాగా వాడుకలో ఉన్న పద్ధతిలో 3 పులులు, 15 మేకలు, గీసిన పటంలో 23 కూడళ్ళు ఉంటాయి. ఒకరు ఒక్కొక్క మేకనే పెడుతుండగా రెండవవారు పులులను కదుపుతారు. ప్రక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీ కూడలికి పులి దూకితే ఆ మేక చచ్చినట్లే. మేకలన్నీ పెట్టటం పూర్తయ్యేవరకు పెట్టినవి కదలరాదు. పులులు కదలలేకుండా కట్టివేస్తే మేకలది గెలుపు. ఎన్ని మేకలు చస్తే పులి గెలిచినట్లో మాత్రం ఒక్కొక్కచోట ఒక్కొక్క లెక్క. హంపి వంటి చోట్ల రాతిపై చెక్కిన ఆటపటాలు ఉన్నవి గాని, రాయి నియమాలు చెప్పదు కదా!

ఆధారం చూపే నియమం

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలయినది. తరువాతి సంవత్సరాలలో వేలకొలది గ్రామాలకు మొలక వ్యాసాలు సృష్టించి, జనగణన వివరాలతో పెంచారు. ఖమ్మం జిల్లాలోని మండలకేంద్రం వేంసూరు వంటి గ్రామానికి జనాభా లెక్కలో ఆధారం దొరుకుతుంది. అక్కడి పెద్దలు పులిజూదం ఫలానా విధంగా ఆడతారని ఒక విద్యార్థి చేరిస్తే, అది అక్షరాలా నిజమైనా, మౌలిక పరిశోధన నిషిద్ధమనే నియమం క్రింద తొలగించవచ్చును. చదువరి సరిచూసుకోలేని మాటకు విజ్ఞానకోశంలో చోటిస్తే కల్పనకూ వాస్తవానికీ తేడా ఉండదు గనుక ఈ నియమం అవసరమే. అయితే ముద్రణ విరివిగా ఉన్న సమాజాలకే ఇది అనుకూలమన్నది కాదనలేని సంగతి. కల్పిత రాక్షసునికి దొరికిన చోటు నిజంగా ఆడే ఆటకు దొరకకపోవచ్చును.

2011లో అచల్ ప్రభల ఆధ్వర్యంలో భారతదేశంలోను, దక్షిణాఫ్రికాలోను మౌఖిక ఆధారాల ప్రయోగం జరిగినది. కేరళలో పిల్లలాడే డబ్బా కళి వంటి విషయాలపై తెలిసినవారి మాటలను ధ్వనిముద్రణ చేసి, వాటినే ఆధారంగా చూపారు. ఆంగ్ల వికీపీడియాలో ఈ పద్ధతికి సాధారణ ఆమోదం లభించలేదు.

చేయదగిన పని

బొమ్మల విషయంలో నియమం కొంత సడలింపుగా ఉన్నది. సభ్యులు స్వయంగా గీసిన పటాన్ని, తీసిన ఛాయాచిత్రాన్ని వికీమీడియా కామన్స్‌లో చేర్చవచ్చును. పాత అరుగుపై చెక్కిన గీతలుంటే, ఊరు పేరు, తేదీతో ఛాయాచిత్రం చేర్చటం మేలు. స్థానిక నియమాలను ముందుగా ఒక పత్రికలోనో పుస్తకంలోనో ఏ ఊరిలో ఎట్లా ఆడతారో స్పష్టంగా ప్రచురిస్తే, అది నమ్మదగిన ప్రచురణ అయిన పక్షంలో, తరువాత మరొకరు దానిని ఆధారంగా చూపగలరు. రెండు ఊళ్ళ లెక్కలు వేరైనప్పుడు ఒకటే సరైనదని తేల్చక, రెండింటినీ వాటి వాటి ఆధారాలతో ఇవ్వాలి. ఆధారం దొరకని భాగాన్ని చర్చాపేజీలో ప్రస్తావించి ఉంచితే, పుస్తకం దొరికినవారు దానిని వ్యాసంలోకి చేర్చుతారు.