ముక్కులో నిమ్మరసం పోస్తే ఏమవుతుంది?

జలుబుల కాలం రాగానే ఆ వాట్సాప్ వీడియో మళ్లీ లేచి కూర్చుంటుంది. ముక్కులో రెండు చుక్కలు నిమ్మరసం పిండుకుంటే కఫం కరుగుతుందట, ఆక్సిజన్ పెరుగుతుందట. 2021లో కరోనా రెండో విడత ఉధృతంగా ఉన్నప్పుడు కర్ణాటకలో ఊపందుకున్న మాట ఇది. రాయచూరు జిల్లా సింధనూరు ప్రాంతంలో ఒక ఉపాధ్యాయుడు అలా వేసుకున్నాక చనిపోయారని అప్పట్లో పత్రికలు రాశాయి. అయినా ఫార్వర్డులకు చావు లేదు.

‘ఆ ఘాటు చూశారా, వాసనే మందు’ అంటారు సమర్థించేవాళ్లు. సరే, వాసన సంగతే చూద్దాం. నిమ్మకు ఆ పరిమళం ప్రధానంగా సిట్రాల్ వల్ల వస్తుంది. తోడుగా లిమోనీన్ ఉంటుంది. ఇవి ఎక్కువగా ఉండేది తొక్కలో, గోరుతో గిచ్చితే చిమ్మే నూనె తిత్తుల్లో. పిండేటప్పుడు రసంలోకి కొద్దిగా దిగుతాయి, అంతే. రసంలో అసలు సరుకు సిట్రిక్ ఆమ్లం, సుమారు 5–6 శాతం. దానికి వాసనే ఉండదు! వాసన పేరు చెప్పి ముక్కులో పోస్తున్నది ఉత్త పులుపు. నిమ్మరసం పీహెచ్ 2, 3 మధ్య ఉంటే ముక్కు లోపలి పొరది 6 దరిదాపుల్లో ఉంటుంది. ఆమ్లత్వంలో తేడా వెయ్యి రెట్లకు పైమాటే. కళ్లవెంట నీళ్లు, తుమ్ములు, ధారగా చీమిడి... మంటెత్తిన పొర పెట్టే గగ్గోలు ఇదంతా. దాన్నే ‘కఫం కరిగింది’ అని సంబరపడుతున్నారు. ఇక ఆక్సిజన్ రక్తంలో కలిసేది ఊపిరితిత్తుల్లోని గాలి గదుల్లో. రసం అక్కడిదాకా జారిందంటే అది మరో ప్రమాదం.

నిమ్మ జాతి పళ్ల గురించి ఇలాంటి అపోహలు ఇంకా ఉన్నాయి. వాసన గాఢంగా ఉంటే విటమిన్ సి ఎక్కువా? దానికీ వాసన లేదు. గిన్నెలు తోమే సబ్బూ నిమ్మ వాసనే వేస్తుంది మరి. నిలవుంచిన బత్తాయి రసం చేదెక్కితే కల్తీయా? పిండాక నెమ్మదిగా లిమోనిన్ (పైన చెప్పిన లిమోనీన్ కాదు) తయారవుతుంది, అందుకే ఆ చేదు. పిండిన వెంటనే తాగేయండి. ఈ పళ్లన్నిటి వాసనలో ఉండేది లిమోనీనే కాబట్టి అన్నీ ఒకటేనా? నారింజ తొక్క నూనెలో అది 90 శాతం పైనే, నిజమే. కానీ రసానికి ఆ పండు గుబాళింపు ఇచ్చేవాటిలో పిసరంత ఇథైల్ బ్యూటిరేట్, కొన్ని ఆల్డిహైడ్లు ముఖ్యం. గ్రేప్‌ఫ్రూట్ రసంలో 1982లో గుర్తించిన గంధక పదార్థమైతే నీళ్లలో లక్ష కోట్ల వంతుల్లో ఒక వంతుకన్నా తక్కువున్నా ముక్కు పట్టేస్తుంది.

తిరుమల ఘాట్ రోడ్డులో బస్సెక్కి, వికారం రాకుండా చేతిలో నిమ్మకాయ పట్టుకుని కూర్చునేవాళ్లను మాత్రం వెక్కిరించలేం. ఇరాన్‌లో 100 మంది గర్భిణులపై జరిపి 2014లో ప్రచురించిన పరీక్షలో నిమ్మనూనె వాసన పీల్చినవారికి వికారం కొంత తగ్గింది. బస్సు ప్రయాణానికీ అదే వర్తిస్తుందని ఆ ఒక్క పరీక్ష తేల్చేయలేదు. అయినా పోయేదేమీ లేదు. తొక్కను గోటితో గిచ్చి వాసన చూడండి, కాయ కోయక్కర్లేదు.

ముక్కు బిగిస్తే మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు వాడండి. ఊపిరి అందకపోతే వంటింట్లో నిమ్మకాయ వెతుకుతూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.