కూలిన సత్రం - చెరగని చిత్రం

వెండి పట్టీలు కొన్నాళ్ళకు నల్లబడడం మీరు చూసే ఉంటారు. గాలిలోని గంధక సమ్మేళనాలు వెండితో కలవడమే అందుకు కారణం. 19వ శతాబ్దపు ఫొటోలకు పట్టిన పీడ కూడా ఇదే! ఆనాటి ఫొటోల్లో బొమ్మ సన్నని వెండి రేణువులతో ఏర్పడేది. కాలం గడిచేకొద్దీ అది పసుపుబారి వెలిసిపోయేది.

లండన్‌లో సెంట్ పాల్స్ చర్చి దగ్గర ఆక్స్‌ఫర్డ్ ఆర్మ్స్ అనే పాత సత్రం ఉండేది. 1666 నాటి మహా అగ్నిప్రమాదం తరువాత దాన్ని మళ్ళీ కట్టారు. నడుమ విశాలమైన వాకిలి, చుట్టూ అంతస్తులుగా చెక్క వసారాలు. గుర్రపుబళ్ళ ప్రయాణీకులు అక్కడ బస చేసేవారు. రైళ్ళు వచ్చాక ఆ బళ్ళు మూలబడ్డాయి, సత్రమూ పాడుబడింది. 1875లో దాన్ని పడగొడతారన్న మాట వినిపించింది. కట్టడాన్ని నిలపడం ఆల్ఫ్రెడ్ మార్క్స్ చేతిలో లేదు. కనీసం దాని రూపాన్నయినా దక్కించాలని ఆయన ఫొటోలు తీయించాడు. పాత లండన్ కట్టడాలను ఫొటో తీయించే సంఘం అలా మొదలైంది.

అయితే ఆ ఫొటోలే వెలిసిపోతే ఏం లాభం? అందుకే సంఘం కార్బన్ పద్ధతిని ఎంచుకుంది. దీన్ని బాగుచేసి 1864లో పేటెంటు పొందినవాడు జోసెఫ్ స్వాన్. విద్యుద్దీపం తయారుచేసిన వారిలో ఒకడైన స్వాన్ ఈయనే!

జెలటిన్‌లో నల్లని కార్బన్ పొడి కలిపి కాగితానికి పూస్తారు. పొటాషియం డైక్రోమేట్ ద్రావణంలో ముంచి ఆరబెడతారు. దానిమీద నెగెటివ్ ఉంచి ఎండ తగలనిస్తారు. వెలుగు సోకినచోట జెలటిన్ గట్టిపడుతుంది. తరువాత ఆ పొరను మరో కాగితానికి అంటించి, గోరువెచ్చని నీళ్ళలో కడుగుతారు. గట్టిపడని జెలటిన్ కరిగి, పొడితో సహా కొట్టుకుపోతుంది. పొర మందంగా మిగిలినచోట నలుపు, పలుచగా ఉన్నచోట బూడిదరంగు కనిపిస్తాయి. ఇందులో వెండి లేదు. కార్బన్‌ను వెలుగుగాని, గంధకంగాని ఏమీ చేయలేవు.

ఆల్ఫ్రెడ్ బూల్, జాన్ బూల్, ఆ తరువాత హెన్రీ డిక్సన్ తీసిన 120 ఫొటోలను 1886 నాటికి సంఘం వెలువరించింది. ఆక్స్‌ఫర్డ్ ఆర్మ్స్ నేలమట్టమైంది. కాని ఆ చెక్క వసారాలను ఇప్పటికీ ఫొటోలో చూడవచ్చు.

లండన్ గోడలను నల్లబరచింది బొగ్గుపొగలోని మసి. మసి అంటే చాలావరకు కార్బనే. ఆ గోడల రూపాన్ని మనకు దక్కించింది కూడా కార్బనే!