మాట రాకపోతే అక్షరం రాదా?

పళ్లెంలో బియ్యం పోసి, పాపాయిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, బుల్లి చూపుడువేలు పట్టుకుని ఓనమాలు దిద్దించడం మనలో చాలా ఇళ్లలో జరిగే ముచ్చటే. బాసర వెళ్లి చేయించేవాళ్లు కొందరు, ఇంట్లోనే కొత్త పలక కొని కానిచ్చేవాళ్లు కొందరు. మాట రాని పిల్ల విషయంలో మాత్రం ఈ ముహూర్తం వాయిదా పడుతూనే ఉంటుంది. "ముందు నోట మాట రానివ్వండి, అక్షరాల సంగతి తర్వాత చూద్దాం" అంటారు ఇంట్లో పెద్దలు. బళ్లో టీచరుగారూ అదే మాట. చూస్తుండగానే ఆరేళ్లు పోయి పదేళ్లొస్తాయి. మాట రాదు, అక్షరమూ రాదు.

మాటకీ చదువుకీ ఈ ముడి ఎవరు వేశారో గానీ, అది విప్పాల్సిన ముడే. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లనే తీసుకోండి. నాలుక, పెదవులు, వేళ్లు మెదడు చెప్పినట్టు కదలవు. అంతమాత్రాన విన్న కథ అర్థం కాలేదని ఎలా అంటాం? ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి మాట ఆలస్యంగా వస్తుంది, కొందరికి రానే రాదు. నిజానికి నోటితో చెప్పలేని పిల్లకే అక్షరం అందరికన్నా ఎక్కువ అవసరం. అట్టమీద అన్నం బొమ్మ, నీళ్ల బొమ్మ పెట్టి ఇస్తే ఆ పిల్ల ఆ రెండే అడగగలదు. అంటే మనం అనుకున్నవే చెప్పగలదు. అదే అక్షరాలిచ్చి చూడండి, మనం అనుకోనిదీ చెబుతుంది.

అమెరికాలోని నార్త్ కరోలినాలో కారెన్ ఎరిక్సన్, డేవిడ్ కొప్పెన్‌హేవర్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి పిల్లల చదువు గురించే ఏళ్ల తరబడి పనిచేసి, 2020లో ఒక పెద్ద పుస్తకం రాశారు. చదువు మొదలుపెట్టడానికి పిల్లకి ముందుగా ఏ అర్హతా ఉండనక్కర్లేదన్నది వాళ్ల మాట. వాళ్లు చెప్పే పనుల్లో చాలావాటికి డబ్బు ఖర్చు కూడా లేదు. మన ఊరి ఒకటో తరగతి గదిలో చేసుకోగలిగినవే.

మొదటిది, కలిసి కథ చదవడం. కోతీ మొసలీ కథ ఉందనుకోండి. మనకో అలవాటు, పేజీ తిప్పగానే "ఇదేంటి? దీని రంగేంటి?" అని పరీక్ష పెట్టేస్తాం. మాట రాని పిల్లకి అది శిక్షే. దానికి బదులు ఒక అట్టమీద 'చూడు', 'ఇంకా', 'వద్దు', 'నచ్చింది', 'ఎందుకు', 'పో', 'రా' లాంటి మాటలు బొమ్మలతో సహా రాసి, టీచరే కథ చెబుతూ మధ్యమధ్య వాటిని వేలితో చూపించాలి. "అయ్యో, మొసలి వీపు ఎక్కకు, వద్దు" అంటూ 'వద్దు' మీద వేలు పెట్టాలి. తర్వాత ఆగాలి. మనసులో పది అంకెలు లెక్కపెట్టేదాకా నోరు మెదపకూడదు. ఇదే అన్నిటికన్నా కష్టం, మనకి! ఆ పది అంకెల్లో పిల్ల కన్ను అట్ట మీదికి వెళ్లొచ్చు, చెయ్యి లేవొచ్చు. లేవకపోతే మళ్లీ మనమే చూపించి కథ సాగించాలి.

అన్నట్టు, ఇలాంటి అట్టలు చేసేటప్పుడు మనం 'అన్నం', 'నీళ్లు', 'బాత్రూం' రాసేసి ఊరుకుంటాం. 'వద్దు', 'చాలు', 'నువ్వు పో' అనే మాటలు లేకుండా బతకమంటే మనం బతుకుతామా చెప్పండి?

ఇంకొకటి, తరగతి అంతా కలిసి చేసే పుస్తకం. సోమవారం టీచరు పెద్ద కాగితం మీద 'నాకు మామిడిపండు ఇష్టం' అని తన వాక్యం రాస్తారు. పిల్లలు ఒక్కొక్కళ్లే 'నాకు ఫలానాది ఇష్టం' అని చెబితే వాళ్ల పేర్లతో సహా ఆ కాగితం మీదికి ఎక్కిస్తారు. మాట రాని పిల్ల అట్టమీద చూపించి చెబుతుంది. ఆమె వాక్యం కూడా అందరిదీ ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో అంతే ఉండాలి. మంగళవారం ఒక్కో మాట మీద వేలుపెట్టి అందరూ చదువుతారు. బుధవారం వాక్యాన్ని మాటలుగా కత్తిరించి మళ్లీ వరుసలో పేర్చడం. గురువారం పిల్లలే మాటలు! ఒకరు 'నాకు' కాగితం, ఒకరు 'వాన', ఒకరు 'ఇష్టం' పట్టుకుని వరుసగా నిలబడాలి. చక్రాల కుర్చీలో ఉన్న పిల్ల ఒళ్లో ఒక మాట పెడితే సరి. 'ఇష్టం నాకు వాన' అని నిలబడినా తెలుగులో తప్పేం కాదు, కొంచెం కవిత్వంలా ఉంటుంది, అంతే. శుక్రవారానికి పేజీకో వాక్యం చొప్పున కుట్టేస్తే పుస్తకం తయారు. ఆ పిల్ల రాసిన పేజీ తక్కినవాళ్లందరూ చదువుతారు.

ఇక అసలు చిక్కు రాయడంతో. పెన్సిలు పట్టుకోలేని చేతికి పెన్సిలు ఏది?

ఫ్రాన్స్‌లో 'ఎల్' అనే ఆడవాళ్ల పత్రికకి సంపాదకుడిగా ఉన్న జాఁ డొమినిక్ బోబీకి 1995 డిసెంబరులో మెదడుకి స్ట్రోక్ వచ్చింది. ఒళ్లంతా చచ్చుబడిపోయి ఎడమ కంటి రెప్ప ఒక్కటే ఆయన మాట వినేది. ఫ్రెంచిలో ఎక్కువగా వాడే అక్షరాలు ముందు వచ్చేలా వరుస కట్టి, ఎదురుగా ఉన్నవాళ్లు ఒక్కో అక్షరం పైకి చదివేవారు. కావాల్సింది రాగానే ఆయన రెప్ప కొట్టేవాడు. అలా పుస్తకమే చెప్పించాడు. అది 1997లో అచ్చయింది. ఈ కథ విన్న ప్రతివాళ్లూ ఆయన పట్టుదలని మెచ్చుకుంటారు. నాకు తోచేది వేరు. ఆయనకి అక్షరాలు ముందే వచ్చు కాబట్టి ఆ రెప్ప కలమైంది. మన పిల్లకి అక్షరాలే నేర్పకపోతే ఎన్ని రెప్పలు కొట్టి ఏం లాభం?

ఇంగ్లీషుకి ఇరవై ఆరే అక్షరాలు, ఒక చిన్న అట్టమీద సరిపోతాయి. మనకి అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు... ఇవన్నీ ఎలా అనిపిస్తుంది కదూ? కానీ మన వర్ణమాలని ఒక్కసారి పరీక్షగా చూడండి. అక్షరాలు ముందే వరుసల్లో కూర్చుని ఉన్నాయి. అచ్చుల వరుస, క వరుస, చ వరుస, ట, త, ప, య వరుసలు. గుణింతం చిన్నప్పుడు మనం పాడిన పాటే. తలకట్టు, దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, కొమ్ము... పిల్ల 'అవును' అనడానికి ఒక గుర్తు పెట్టుకుంటే చాలు. కళ్లు పైకెత్తడమో, తల వంచడమో, ఏదైనా సరే.

'పాలు' రాయాలనుకోండి. "అచ్చులా? క వరుసా? చ వరుసా? ట? త? ప వరుసా?" కళ్లు లేచాయి. "ప?" లేచాయి. "తలకట్టా? దీర్ఘమా?" లేచాయి. 'పా' వచ్చింది. మళ్లీ మొదటినుంచి య వరుస దాకా వెళ్లి, అందులో ల దగ్గర ఆగి, కొమ్ము దగ్గర ఆగితే 'లు'. మొత్తం ఇరవై నాలుగు ప్రశ్నలు. ఎక్కువే. అయితే ఈ పని టీచరే చెయ్యాలని లేదు. నలభై మంది ఉన్న తరగతిలో పక్కన కూర్చున్న పిల్లే వరుసలు అడగగలదు. అడిగే పిల్లకి కూడా గుణింతాలు గట్టిపడతాయి.

మొదట్లో ఆ పిల్ల 'కటమ' అనో 'గగచ' అనో చూపిస్తుంది. కంగారు పడకూడదు. మామూలు పిల్లలు గోడల మీద పిచ్చిగీతలు గీస్తారే, ఇవీ అవే. తప్పు అనకుండా "క చూపించావు, ట చూపించావు" అని చదివి కాగితం మీద రాసిపెట్టాలి. మా వీధిలో తొమ్మిదేళ్ల పాపకి వాళ్లమ్మ ఇలాగే నేర్పిస్తోంది. ఒకరోజు ఆ పాప 'చల' దాకా వచ్చి ఆగిపోయిందట. మండువేసవిలో చలేమిటని ఆవిడ ఫ్యాను ఆపేసింది. పాప ఒకటే గొడవ. చివరికి తేలిందేమిటంటే, అది 'చాలు'. అమ్మ ప్రశ్నలు ఇక చాలు! దీర్ఘం, కొమ్ము తర్వాత వచ్చాయి, విసుగు ముందే వచ్చింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. అక్షరాభ్యాసం రోజున వేలు పట్టుకుని దిద్దిస్తాం, అది వేడుక. రోజూ అలా చెయ్యి పట్టుకుని అక్షరాలు చూపిస్తే రాసింది పిల్లో మనమో తెలియదు. 1990లలో కొన్ని దేశాల్లో చెయ్యి పట్టుకుని టైపు చేయించే పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది. పరీక్షించినవాళ్లు పిల్లకి ఒక బొమ్మ, చెయ్యి పట్టుకున్నవాళ్లకి ఇంకో బొమ్మ చూపించారు. టైపైంది పట్టుకున్నవాళ్లు చూసిన బొమ్మ పేరు. వాళ్లు కావాలని మోసం చేయలేదు పాపం, తమకే తెలియకుండా చెయ్యి నడిపారు. అందుకని చెయ్యి వదిలెయ్యండి. అట్టని దగ్గరికి జరపండి, కుర్చీలో నడుముకి ఆసరా ఇవ్వండి, ఎంతసేపైనా ఆగండి.

ఆ పాపని మొదట చేర్చబోయిన బళ్లో "కూర్చోబెట్టుకుంటామమ్మా, రాయించడం మాత్రం మా వల్ల కాదు" అన్నారట. ప్రార్థనకీ, హాజరుకీ, మధ్యాహ్నం అన్నానికీ పిల్ల ఉంటుంది, పాఠానికి ఉండదు! 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న బడి వైకల్యం పేరు చెప్పి పిల్లని కాదనకూడదు. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి ఆరో ఏడు నుంచి పద్దెనిమిదో ఏడు దాకా ఉచిత విద్య హక్కు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక టీచర్లుంటారు. వాళ్లని కలిసినప్పుడు ఫిజియోథెరపీ ఎప్పుడని అడిగి వచ్చేయకుండా, "మా పిల్ల ఈ వారం ఏం చదివింది, ఏం రాసింది?" అని కూడా అడగండి. ఒకటికి నాలుగుసార్లు అడిగితే వాళ్లూ ఆలోచనలో పడతారు.

ఈలోపు ఇంట్లో పాత క్యాలెండరు ఉంటే దాని వెనక వరుసలు గీసి, నల్ల స్కెచ్ పెన్నుతో అక్షరాలు లావుగా రాయండి. కింద గుణింతం గుర్తులు, ఆ కింద వత్తులు. జిరాక్సు షాపులో లామినేషన్ చేయించండి, చొంగ పడినా తుడిచేయొచ్చు. రెండు చేయించండి, ఒకటి బడి సంచిలోకి, ఒకటి వంటింట్లోకి. 'ళ' మాత్రం మర్చిపోకండేం, చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే పిల్ల 'నీళ్లు' అని రాయలేదు.