కంప్యూటర్లకు లస్కరు

మా నాన్నగారు బందరు కాలువ మీద లస్కరుగా పనిచేసి రిటైరయినారు. డెల్టాలో పుట్టినవారికి లస్కరంటే ఎవరో చెప్పనక్కరలేదు. తక్కిన పాఠకుల కోసం చెబుతాను. తనకు అప్పగించిన కాలువగట్టు మీద రోజూ నడిచి, ఎక్కడ గట్టు జారుతున్నదో, ఎక్కడ ఎలుకబొరియ గుండా నీరు ఊరుతున్నదో, ఎవరు రాత్రికి రాత్రి గట్టు తెగగొట్టి నీళ్లు మళ్లించుకున్నారో కనిపెట్టేవాడు లస్కరు. తూముల తలుపులు ఎత్తవలసినా, దించవలసినా అతనే. భుజాన పార, మొలలో తూము తాళంచెవి, ఇవీ అతని ఆయుధాలు. "బొరియగా వున్నప్పుడయితే పారెడు మట్టి చాలురా. గండి పడ్డాక బళ్లకొద్దీ పోసినా చాలదు" అని నాన్నగారు ఇప్పటికీ అంటూ వుంటారు.

నా ఉద్యోగమేమిటో మాత్రం ఆయనకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. విజయవాడలో ఒక సంస్థకు నేను కంప్యూటర్ల అడ్మినిస్ట్రేటరును. గుడివాడ, మచిలీపట్నం, అవనిగడ్డ, తెనాలి, రేపల్లె శాఖలలో వున్నవన్నీ కలిపి రెండువందల పైచిలుకు కంప్యూటర్లు నా పూచీ. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫోను మోగితే చాలు, బస్సెక్కేవాణ్ణి. ఒకసారి "కంప్యూటరు చచ్చిపోయింది సార్" అని అవనిగడ్డ నుంచి కబురు వస్తే, పూట ఎండలో ప్రయాణం చేసి వెళ్లి చూడగా, ఊడ్చే మనిషి చీపురు తగిలి ప్లగ్గు ఊడివున్నది! ప్లగ్గు పెట్టి, కాఫీ తాగి, తిరుగు బస్సెక్కాను.

ఇప్పుడు నేను ఆ బస్సు ఎక్కి చాలా కాలమయింది. ఉదయం ఆఫీసుకు వచ్చి తెర ముందు కూర్చుంటే రెండువందల కంప్యూటర్ల ఆరోగ్యమూ కనిపిస్తుంది. మొన్న సంక్రాంతికి నాన్నగారిని ఆ తెర ముందు కూర్చోబెట్టి చూపించాను. చాలాసేపు చూసి, "ఓహో, నువ్వూ లస్కరువే అన్నమాట!" అన్నారు. వెంటనే మరో ప్రశ్న వేశారు. "ఇంతకీ దీని తాళంచెవి ఎవరిదగ్గర వుంటుంది?"

ఆ ప్రశ్నకు నేను చెప్పిన జవాబే ఈ వ్యాసం.

గట్టు మీద నడిచే ఏజెంటు

ఈ సాఫ్టువేరును రిమోట్ మానిటరింగ్ అండ్ మేనేజ్‌మెంట్ అంటారు. పొట్టిగా ఆర్.ఎం.ఎం. దూరాన్నుంచి కనిపెట్టడం, దూరాన్నుంచే సరిచేయడం అని అర్థం. దీని కీలకం చాలా సులువయినదే. ప్రతి కంప్యూటరులోనూ ఒక చిన్న ప్రోగ్రామును కూర్చోబెడతారు. దాని పేరు ఏజెంటు. డిస్కు ఎంత నిండింది, యంత్రం వేడెక్కుతున్నదా, వైరస్ నిరోధక సాఫ్టువేరు మెలకువగా వున్నదా, రావలసిన ప్యాచీలు వచ్చాయా అని అది కొద్ది నిమిషాలకొకసారి చూసి పై సర్వరుకు కబురు పంపుతుంది. అంతా బాగుంటే తెర మీద ఆకుపచ్చ, అనుమానముంటే పసుపు, ప్రమాదమయితే ఎరుపు.

ప్యాచీ అంటే సాఫ్టువేరులో బయటపడిన బొరియను పూడ్చే పారెడు మట్టి. సమయానికి అది పడకపోతే ఏమవుతుందో 2017లో మన జిల్లాలే చూశాయి. విండోస్‌లో ఒక బొరియను పూడ్చే ప్యాచీని మైక్రోసాఫ్టు ఆ ఏడు మార్చి 14న విడుదల చేసింది. రెండు నెలలు తిరక్కుండా, మే 12న, వన్నాక్రై అనే పురుగు సరిగ్గా ఆ బొరియ గుండానే ప్రపంచమంతటా దూరింది. ఫైళ్లకు తాళం వేసి, విప్పాలంటే డబ్బు కట్టమన్నది. బ్రిటనులో ఆసుపత్రులు రోగులను తిప్పి పంపవలసి వచ్చింది. కృష్ణా, గుంటూరు జిల్లాలతో సహా మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కంప్యూటర్లకూ అది సోకింది. ప్యాచీ వున్నది, వేయవలసిన చోట వేయబడలేదు. అంతే సంగతి.

కొత్తగా వచ్చినవి

ఈ మధ్య ఇటువంటి సాఫ్టువేరులో వచ్చిన కొత్త సదుపాయాలు నాకు చాలా శ్రమ తప్పించాయి.

మొదటిది, ప్యాచీలను అందరికీ ఒక్కసారి కాకుండా విడతలుగా పంపడం. ముందు నా కంప్యూటరుకూ, మరి నాలుగింటికీ. రెండురోజులు చూసి గుడివాడకు. ఆ తరువాత తక్కినవాటికి. కాలువకు నీళ్లు వదిలేటప్పుడు తలుపు ఒక్కసారిగా ఎత్తరు గదా! గట్టు తట్టుకుంటున్నదో లేదో చూసి కొంచెం కొంచెంగా ఎత్తుతారు. ఇదీ అంతే.

రెండవది, కంప్యూటరును ఆపి మళ్లీ నడపనక్కరలేకుండానే ప్యాచీ వేయడం. దీన్ని హాట్‌ప్యాచీ అంటారు. కార్యాలయాలు వాడే విండోస్ 11 ఎంటర్‌ప్రైజులో ఇది 2025 ఏప్రిల్ నుంచి లభిస్తున్నది. మూడు నెలలకొకసారి మాత్రం యంత్రాన్ని ఆపి నడపక తప్పదు. నెలాఖరు లెక్కల మధ్యలో "మీ కంప్యూటరు రీస్టార్టు అవుతున్నది" అనే మాట కనబడితే గుమాస్తాల ముఖాలు ఎలా వుంటాయో చూసినవారికి దీని విలువ తెలుస్తుంది.

మూడవది, అలారాలను ఏరడం. పూర్వం నాకు రోజుకు వందల కొద్దీ హెచ్చరికలు వచ్చేవి. అన్నీ చదివేవాడు ఏదీ చదవనట్లే. ఇప్పటి సాఫ్టువేరు ఒక్కొక్క కంప్యూటరు అలవాటూ నేర్చుకుంటుంది. గుడివాడ యంత్రం నెలాఖరున ఆయాసపడితే అది మామూలే. నెల మధ్యలో, రాత్రి రెండు గంటలకు ఆయాసపడితే మాత్రం నన్ను లేపుతుంది. కృత్రిమ మేధ కారణం కూడా ఊహించి రెండు మూడు వాక్యాలలో వ్రాసి చూపుతుంది. ఆ ఊహ ఒక్కొక్కప్పుడు తప్పు కూడా అవుతుంది. అంచేత దాని సలహా వింటాను గాని, సంతకం నేనే పెడతాను.

చూపు ఆనని చోటు

ఇదంతా విని, ఇక మనిషితో పనిలేదు కాబోలు అనుకోకండి. 2024లో ఒక్క వర్షాకాలంలోనే నాకు రెండు పాఠాలు వచ్చాయి.

జులై 19, శుక్రవారం. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా భద్రతా సంస్థ తన ఏజెంటుకు ఒక తప్పు ఫైలు పంపింది. మన గడియారం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు పంపి, 10 గంటల 57 నిమిషాలకు సరిదిద్దుకున్నది. మధ్యన గడిచినవి 78 నిమిషాలు. ఆపాటికే ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర పట్టి కూలబడ్డాయి. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగు పాసులు చేతితో వ్రాసి ఇచ్చారు! ఫైలును సరిదిద్దారు గదా, యంత్రాలెందుకు లేవలేదని మీరడగవచ్చు. ఏజెంటు బ్రతికేది విండోస్ లోపల. విండోసే లేవకపోతే ఏజెంటు కబురు ఎలా అందుకుంటుంది? అందుకని చాలా యంత్రాల దగ్గరకు మనిషి నడిచి వెళ్లి ఒక్కొక్కదాన్నీ చేతితో లేపవలసి వచ్చింది. నేను చెప్పిన విడతల పద్ధతి విలువ లోకానికి గట్టిగా తెలిసింది ఆనాడే. లేవలేని యంత్రం తానే ఇంటర్నెట్టుకు తగులుకుని మందు తెచ్చుకొనే ఏర్పాటును మైక్రోసాఫ్టు ఆ నవంబరులో ప్రకటించింది. 2025లో అది విండోస్ 11లోకి వచ్చింది. ఇదికాక, బోర్డు మీద వేరే చిప్పు పెట్టి, విండోస్ పడుకున్నా దూరాన్నుంచి లేపగలిగే యంత్రాలు 2006 నుంచీ వున్నాయి. ఖరీదు కొంత ఎక్కువ.

రెండవ పాఠం బుడమేరు చెప్పింది. సెప్టెంబరు 1, ఆదివారం. సింగ్‌నగర్ వైపు మాకు ఒక చిన్న ఆఫీసు వున్నది. ఇంట్లో కూర్చుని ఫోనులో చూస్తుండగా ఆ ఆఫీసు గడులన్నీ ఒకటి తరువాత ఒకటి బూడిదరంగుకు తిరిగాయి. "సంబంధం తెగింది" అని మాత్రం వ్రాసివున్నది. కరెంటు పోయిందా, తీగ తెగిందా, ఎవరన్నా ప్లగ్గు ఊడదీశారా, తెరకు తెలియదు. వాచ్‌మాన్‌కు ఫోను చేశాను.

"నీళ్లు గుమ్మం దాటాయి బాబూ. మీ పెద్ద పెట్టె ప్లగ్గు పీకి మేడమీదికి మోసేశాను. మిగతావి ఒక్కణ్ణి మొయ్యలేను" అన్నాడు.

పెద్ద పెట్టె అంటే సర్వరు. "దాన్నట్లా వుంచి ముందు నువ్వు పైకెక్కు" అని నేను అరిచేసరికి ఫోను కూడా తెగిపోయింది. రెండురోజుల దాకా అతని సంగతి తెలియలేదు. ఆ రెండురోజులూ నాకు అన్నం సయించలేదు. సర్వరులోని లెక్కల ప్రతి ఏ రాత్రికారాత్రి దూరాన మరొకచోట భద్రమవుతూనే వున్నది. ఆ మాట నేనతనికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పివుంటే నీళ్లలో ఆ బరువు మోసేవాడే కాదు. పడవ మీద క్షేమంగా బయటపడ్డాడు గనుక సరిపోయింది. మర్నాడు, సెప్టెంబరు 2న, ప్రకాశం బ్యారేజీ 70 తలుపులూ ఎత్తి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వదిలారు. 1957లో బ్యారేజీ కట్టినప్పటినుంచీ అంత వరద ఎన్నడూ రాలేదు. కొట్టుకువచ్చిన పడవలు తగిలి తలుపుల బరువుదిమ్మెలు దెబ్బతింటే, మనుషులు దిగి సరిచేయవలసి వచ్చింది.

ఇప్పుడు మా ప్రతి శాఖలోనూ ఒక కాగితం గోడకు అంటించివున్నది. అందులో మొదటి వాక్యం: "నీరు గాని నిప్పు గాని వస్తే ముందు మీరు బయటికి పొండి. లెక్కలు వేరేచోట వున్నాయి."

తాళంచెవి సంగతి

ఇక నాన్నగారి ప్రశ్న. నా తెర మీద ఒక్క మీట నొక్కితే రెండువందల కంప్యూటర్లలో ఏ ప్రోగ్రామయినా వేయగలను. ఆ తాళంచెవి దొంగకు దొరికితే?

దొరికింది కూడాను. 2021 జులై 2న కసేయా అనే అమెరికా కంపెనీ తయారుచేసిన ఇటువంటి సాఫ్టువేరులోనే లోపం కనిపెట్టి, దొంగలు దాని ద్వారానే తాళంవేసే పురుగును పంపారు. కంపెనీ లెక్క ప్రకారం నేరుగా దెబ్బతిన్న ఖాతాదారులు 60కి లోపే. కాని వారు కాపలా కాసే చిన్న సంస్థలు 1,500 దాకా చిక్కుకున్నాయి. స్వీడనులో కోప్ అనే కిరాణా సంస్థకు సుమారు 800 దుకాణాలుంటే, డబ్బు తీసుకునే యంత్రాలు ఆగిపోయి చాలావాటిని మూసివేశారు. కావలివాడి చెవితోనే ఇల్లు తెరిచారన్నమాట.

అంచేత నేను కొత్త సదుపాయాలన్నిటిలోకీ ఎక్కువ విలువ ఇచ్చేది పైకి ఆడంబరంగా కనబడని మూడింటికి. సంకేతపదం ఒక్కటే చాలకుండా రెండవ సాక్ష్యం అడగడం. పెద్ద పని ఏదయినా ఇద్దరు ఒప్పుకుంటేనే జరగడం. ఎవరు, ఎప్పుడు, ఏ యంత్రంలో ఏంచేశారో చెరపరాని చిట్టా వ్రాయడం. వీటికితోడు మా ఆఫీసులో ఒక నియమం పెట్టించాను. గుమాస్తా తెరను నేను చూడాలంటే ముందు అతని తెర మీద ప్రశ్న రావాలి, అతను సరేననాలి. ఆరోగ్యం చూడడానికి పెట్టిన కన్ను, ఎవరు ఎంతసేపు టీకి వెళ్లారో లెక్కపెట్టడానికి వాడితే ఇక ఎవరూ నన్ను నమ్మి జబ్బు చెప్పరు.

ఇది ఆఫీసుల గొడవ, మనకెందుకు అనుకుంటున్నారా? గుడివాడలో వున్న మా మేనత్తకు ఒకనాడు ఫోను వచ్చింది. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామండీ. మీ ఖాతా ఆగిపోతుంది. ఈ యాప్ వేసుకుని అందులో వచ్చిన అంకెలు చెప్పండి" అన్నారట. అది దొంగ యాప్ కాదు. నాలాంటివాళ్లు రోజూ వాడే దూరసహాయపు పనిముట్టే. అంకెలు చెబితే మాత్రం ఆమె తెర అంతా అవతలివాడికి కనబడుతుంది, బ్యాంకు పంపే ఓటీపీతో సహా. ఇటువంటి మోసం గురించి 2019 ఫిబ్రవరిలోనే ఎనీడెస్క్ అనే యాప్ పేరు చెప్పి రిజర్వుబ్యాంకు బ్యాంకులను హెచ్చరించింది. అత్తయ్య అదృష్టవశాత్తూ, "మా మేనల్లుడు ఇదే పని చేస్తాడు. వాణ్ణి అడిగి చెబుతాను" అన్నది. అవతలివాడు ఫోను పెట్టేశాడు.

కనుక ఇంట్లో పెద్దవారికి ఈ ఒక్కమాట చెప్పివుంచండి. తామై పిలవనివాడికి తెర చూపించకూడదు. తానై ఫోను చేసి యాప్ వేసుకొమ్మనే బ్యాంకు ఏదీ వుండదు.

తెర ముందునుంచి లేస్తూ నాన్నగారు తన సంగతి చెప్పారు. ఆయన ఉద్యోగమంతా తూము తాళంచెవి మొలలోనే వుండేదట. నీళ్లకోసం రైతులు బతిమాలేవారట, పెద్దరైతులు డబ్బు చూపేవారట.

"ఎప్పుడన్నా ఇచ్చారా నాన్నా?" అన్నాను.

"ఒక్కసారి ఇచ్చాను. బాగా తెలిసినవాడేనని" అన్నారు. "దిగువ ఊరి నారుమళ్లు నాలుగు ఎండిపోయాయి. వాళ్ల ముఖం చూడలేక ఆ దారిన నెల్లాళ్లు నడవలేదు."

ఆ సాయంత్రం ఆఫీసుకు వెళ్లి తాళంచెవులు ఎవరెవరి దగ్గర వున్నాయో జాబితా తీశాను. ఉద్యోగం మాని వెళ్లిపోయినవారి పేర్లు ఇంకా రెండు వున్నాయి. వాటిని కొట్టివేసి ఇంటికి వచ్చాను.