మీకు తెలుసా? చూచెడి కంటిలోనే చూడజాలని చోటు

సర్వమును చూచుచున్నదని మనము నమ్మియున్న నేత్రమునందే, దృష్టి యెంతమాత్రమును లేని తావొకటి కలదనియు, దానికి అంధబిందువని పేరనియు మీకు తెలుసా?

కంటి వెనుకభాగమున వెలుగును గ్రహించెడి పలుచని పొర రెటీనా. అందుండి సమాచారమును మెదడునకు కొనిపోవు ఇంచుమించు 10 లక్షల నాడీతంతువులు, ఆ పొర ముందువైపుననే ప్రసరించి, ఒకచోట కట్టగా కూడి, పొరను దాటి వెనుకకు పోవుచున్నవి. ఆ ద్వారమునందు వెలుగును గ్రహించు కణమొక్కటియు లేదు గనుక, అచ్చట పడిన బింబము మనకు గోచరింపదు. 17వ శతాబ్దమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎడ్మ్ మారియట్ ఈ విశేషమును కనుగొనెను.

మీరును పరీక్షింపవచ్చును. తెల్లకాగితముపై ఒక కూడిక గుర్తును, దానికి కుడివైపున 8 సెం.మీ. దూరమున కందిగింజంత నల్లచుక్కను పెట్టి, ఎడమకన్ను మూసి, కుడికంటిని కూడిక గుర్తుపైననే నిలిపి, చేయి చాచినంత దూరమునుండి కాగితమును మెల్లగా దగ్గరకు తెచ్చినచో, సుమారు 30 సెం.మీ. దూరమున చుక్క మాయమగును. ఇంకను దగ్గరకు తెచ్చినచో మరల ప్రత్యక్షమగును. చుక్క పోయినచోట నల్లని గుంట యేదియు కానరాదు. చుట్టునున్న తెలుపునే మెదడు అచ్చట పరచి మనలను మభ్యపెట్టును.

ఒక కంటికి కనబడనిదానిని రెండవది చూచును గనుక నిత్యవ్యవహారమున ఈ కొరత తెలియదు. ఆక్టోపస్ కంటిలో తంతువులు పొర వెనుకనుండియే సాగుటచే, దానికి అంధబిందువే లేదు.