సూపర్ కండక్టర్ దొరికిందంటూ వైరల్ వీడియోలు.. అసలు కంప్యూటర్ లెక్కలు ఏం చెబుతాయి?

అరకు, సీలేరు చుట్టుపక్కల కొండలంటే టూరిజమే కాదు, కరెంటు కూడా. ఆంధ్రా-ఒడిశా సరిహద్దులోని మాచ్‌ఖండ్ 1955 నుంచి కరెంటు ఇస్తోంది. లోయర్ సీలేరు సామర్థ్యం 460 మెగావాట్లు. అయితే ఆ కరెంటు కొండ దిగి మన ఇంటికొచ్చేలోపు కొంత తీగల్లోనే వేడిగా మారి పోతుంది. కారణం, తీగలో ఎదురయ్యే అడ్డు. దాన్నే రెసిస్టెన్స్ అంటారు. ఆ అడ్డు అస్సలు లేని పదార్థమే సూపర్ కండక్టర్.

మరి ఎందుకు వాడట్లేదు?

చలే సమస్య. 1987లో బయటపడిన వైబీసీఓ అనే పదార్థం కూడా సుమారు మైనస్ 180 డిగ్రీల దగ్గరే పనిచేస్తుంది. చలికి పేరున్న లంబసింగిలోనే చలికాలంలో సున్నా దరిదాపులకు వస్తే అదే పెద్ద వార్త!

కంప్యూటర్ ఏం చేస్తుంది?

ప్రతి పదార్థాన్నీ ల్యాబ్‌లో తయారుచేసి చూడటం కష్టం. అందుకే అందులో ఎలక్ట్రాన్లు ఎలా సర్దుకుంటాయో ముందే లెక్కగడతారు. డ్యామ్‌లో నీళ్లలాగే ఎలక్ట్రాన్లూ అడుగు నుంచి నిండుతాయి. పై నీటిమట్టం లాంటిదే ఫెర్మీ లెవెల్. అక్కడ ఎలక్ట్రాన్లకు చోట్లు ఎక్కువుంటే అవి జంటకట్టే ఛాన్స్ పెరగొచ్చు. ఇలాంటి లెక్కలకు సూపర్ కంప్యూటర్లు కావాలి. ఐఐటీ హైదరాబాద్‌లోని 'పరమ్ సేవ' సామర్థ్యం 838 టెరాఫ్లాప్స్. అంటే సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు!

ఈ పద్ధతి గెలిచింది కూడా. లాంథనమ్ హైడ్రైడ్ గురించి 2017లో లెక్కలు ముందే చెప్పాయి. 2019లో ప్రయోగాల్లో రుజువైంది. అదీ మైనస్ 23 డిగ్రీల దగ్గరే! కాకపోతే గాలి పీడనానికి 15 లక్షల రెట్లకు పైగా నొక్కాలి. కరెంటు తీగలకు అది కుదరని పని.

ఎల్‌కే-99 నేర్పిన పాఠం

2023 జులైలో కొరియా పరిశోధకుల ఎల్‌కే-99 వీడియో గుర్తుందా? అయస్కాంతంపై సగం తేలిన ముక్క అది. కొద్ది రోజుల్లోనే అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ లెక్కల్లో ఫెర్మీ లెవెల్ దగ్గర ఆశాజనక సంకేతాలు కనిపించాయి. అంతే, 'రుజువైపోయింది' అంటూ సోషల్ మీడియా ఊగిపోయింది. కానీ ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ తయారుచేసి చూస్తే సూపర్ కండక్టర్ లక్షణాలే లేవు. జర్మనీలో చేసిన స్వచ్ఛమైన స్ఫటికమైతే కరెంటునే పోనివ్వలేదు.

అంటే లెక్క తప్పని కాదు. 'ఇక్కడ వెతకండి' అని చెప్పడమే దాని పని, 'దొరికింది' అని చెప్పాల్సింది ల్యాబ్. ఈసారి ఇలాంటి వీడియో వస్తే ఫార్వర్డ్ చేసేముందు ఒక్కటి చూడండి.. ఇంకో ల్యాబ్‌లోనూ అదే ఫలితం వచ్చిందా?